పిల్లకాగు

మల్కాపురంలో మా బావ పనిచేసిన గులాబీ నూనె కంపెనీని కాపాడారు. షెడ్డుకి కొత్త రేకులు వేశారు. గోడలకి కొత్త సున్నమే వేసి, పాతగా కనబడాలని అక్కడక్కడ గీకారు. లోపల రాగి కాగులు వరసగా ఉన్నాయి, ముందు అడ్డంగా తాడు కట్టి. కాగుల కింద పొయ్యిల్లో ఎర్ర బల్బులున్నాయి. బల్బు మీద నారింజ రంగు సిల్కు గుడ్డ పీలికలు, వాటి అడుగున చిన్న ఫ్యాను. స్విచ్చి వేస్తే పీలికలు పైకి లేచి మంటలా ఊగుతాయి. పిల్లలకి అది బాగా నచ్చుతుంది. గుమ్మం దగ్గర గోడకి ఒక డబ్బా బిగించారు. కాసేపటికోసారి అది బుస్సుమని గులాబీ వాసన చిమ్ముతుంది. ఆ వాసన నాకు కొత్తది కాదు. పెద్ద సినిమా హాళ్ళ మరుగుదొడ్లలో అదే వాసన వస్తుంది.

ఇందులో చెడ్డవాళ్ళెవరూ లేరు. ఉంటే ఇది రాయడం సులువయ్యేది.

ఆ కంపెనీలో గులాబీ పువ్వు ఎన్నడూ కాగలేదు. మన్యం కొండల మీద ఒక గడ్డి పెరుగుతుంది. నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంటే గులాబీ వాసన వస్తుంది. వ్యాపారులు దాన్ని రోషా గడ్డి అంటారు. ఆ గడ్డిని లారీల్లో దింపి, కాగుల్లో కుక్కి, నీళ్ళు పోసి, కింద కట్టెలు పెట్టి కాస్తే ఆవిరితో పాటు నూనె లేస్తుంది. ఆవిరి గొట్టంలోంచి చల్లనీళ్ళ తొట్టి గుండా వెళ్ళి మళ్ళీ నీరవుతుంది. నూనె పైకి తేలుతుంది. దాన్ని డబ్బాలకెత్తితే ఓడెక్కి ఎక్కడికో పోయేది. అక్కడ అసలు గులాబీ అత్తరులో దాన్ని కలిపేవారని చెప్పుకునేవారు. ఊరు మాత్రం మొదటినుంచీ గులాబీ నూనె కంపెనీ అనే పిలిచింది. లోపల పనిచేసేవాళ్ళూ అలాగే పిలిచారు. గడ్డి నూనె కంపెనీలో పనంటే పిల్లనెవరిస్తారని మా బావ నవ్వేవాడు. ఆయనకి పిల్లనిచ్చింది మేమే.

నూనె తీసేశాక అడుగున మిగిలిన నీళ్ళకీ కొంచెం వాసన ఉంటుంది. నూనె ఘాటు ఉండదు. గడ్డి వాసన, తడిసిన రాగి వాసన, ఎక్కడో వెనక గులాబీ. వాటిని అడుగునీళ్ళు అనేవారు. కంపెనీకి వాటితో పనిలేదు, కాలవలోకి వదిలేసేది. ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు గానీ, మా అక్క కాపరానికి వెళ్ళేసరికే కంపెనీ దగ్గరి ఆ వీధిలో ఒక ఆచారం ఉంది. ఎవరు చనిపోయినా ఆఖరి స్నానం అడుగునీళ్ళతోనే చేయించాలి.

మల్కాపురంలో మనిషికి ఏదో ఒక వాసన పట్టుకుని ఉంటుంది. రిఫైనరీ వాళ్ళకి చమురు. పోర్టు వాళ్ళకి బొగ్గు, ఇనప రజను. బుట్ట ఎత్తే ఆడవాళ్ళకి చేపలు. ఎంత సబ్బు రుద్దినా చెవి వెనకో, గోటి కిందో మిగిలిపోతుంది. పోయేటప్పుడైనా అది వదలాలని ఆ వీధి అనుకుంది. ఇందులో పంతుళ్ళు చెప్పినదేమీ లేదు. ఏ పుస్తకంలోనూ లేదు. నేను చాలా పుస్తకాలు వెతికాను.

ఆ నీళ్ళు నిలవ ఉండవు. నాలుగు నాళ్ళకే పులిసిపోయి పైన తెట్టె కడతాయి. అందుకని చావు కబురు వచ్చాకే కాయాలి. దానికోసం పెద్ద కాగులు వెలిగించలేరు కదా. షెడ్డు మూలని మనిషి నడుమెత్తున ఒక చిన్న కాగు ఉండేది, కొత్తగా వచ్చిన గడ్డిని పరీక్ష చూడటానికి. దాన్ని పిల్లకాగు అనేవారు. వీధికి చావు నీళ్ళు అందులోనే కాచేవారు. యజమానులు చూసీ చూడనట్టు ఊరుకునేవారు. గుప్పెడు కట్టెలు, మోపెడు గడ్డి, పోతే పోయిందని.

మూతకీ కాగుకీ మధ్య సందులోంచి ఆవిరి పోకుండా మినప్పిండి పెడతారు. నానిన పప్పుని నీళ్ళు చుక్క పోయకుండా గట్టిగా రుబ్బి, తాడులా పేని, చుట్టూ వేలితో నొక్కాలి. వేడికి అది ఎండి రాయిలా బిగుస్తుంది. చావు నీళ్ళకి పిండి మా అక్క ఇంటి నుంచి వెళ్ళేది. నీళ్ళు కాచేది బావ. ఆయనకి ముందు ఆ పని చేసిన ఆయన తండ్రి కాలంలో అక్క అత్తగారు రుబ్బేదట. చావు పప్పు నానేదాకా ఆగదు కనుక ఆ ఇంట్లో ఎప్పుడూ పప్పు నానుతూ ఉండేది. చావు లేకపోతే మర్నాడు ఇడ్లీ. చావుంటే ఇడ్లీ లేదు. మా మేనకోడలు చిన్నప్పుడు పొద్దున్నే లేచి, పళ్ళెంలో చద్దన్నం చూసి, "ఇయ్యేల ఎవులు పోనారమ్మా?" అని అడిగేది. అందులో భయమేమీ ఉండేది కాదు. చట్నీ గురించి అడిగినట్టే అడిగేది.

నేను ఉద్యోగరీత్యా సీతమ్మధారలో ఉండేవాణ్ణి. ఒక కళాశాల లైబ్రరీలో పని. ఆదివారాలు బస్సెక్కి అక్క దగ్గరికి వెళ్ళేవాణ్ణి. నా భార్య పోయాక ఇంచుమించు ప్రతి సెలవూ అక్కడే గడిచేది. వీధిలోకి అడుగుపెట్టగానే బావ అరుగు మీంచి కేకేసేవాడు.

"వచ్చినాడ్రా సీతమ్మదార పంతులు! ఒలే, టీ పెట్టు. కప్పులో పొయ్యి. గలాసులో ఇత్తే ఆయన సదువు తగ్గిపోద్ది."

"నువ్వు ముందు నీ బీడీ పారెయ్యి. ఆడి సదువు సంగతి తరవాత సూద్దారి," అని అక్క లోపలినుంచి అనేది.

ఆ అరుగు దగ్గరే ఒక ముసలామె బుట్ట దింపేది. సముద్రం మీదికి వెళ్ళే కుటుంబం ఆమెది. కొడుకులు తెచ్చిన చేపలు వీధులు తిరిగి అమ్మేది. బావని ఆటపట్టించకుండా ఏ రోజూ బుట్ట ఎత్తేది కాదు.

"ఏటి గులాబీ దొరా, నన్ను సూసి ముక్కు తిప్పుకుంతన్నావు? సేపల కంపా?"

"నా ముక్కు ఎప్పుడో పోనాదత్తా. నువ్వొచ్చినట్టు నీ నోరు సెప్పింది."

"నవ్వు, నవ్వు. నాను పోయిననాడు మాత్రం నీలు బాగా కాయి. బుట్ట వాసన వదిలిపోవాల. లేపోతే ఆ యముడు నన్ను బేరమాడతాడు."

"నిన్నా? నీ రేటు ఇంటే ఆడే తాడొగ్గేసి పారిపోతాడు."

ఆమె పడీపడీ నవ్వేది. పోతూ పోతూ అక్క పళ్ళెంలో ఒక చేప ఎక్కువ పడేసేది.

కంపెనీ మూతపడి చాలా కాలమైంది. ఆ వాసనని ఇప్పుడు ఫ్యాక్టరీల్లో మందులు కలిపి తయారుచేస్తున్నారట. యజమాని పిల్లలు వేరే ఊళ్ళలో స్థిరపడ్డారు. తాళంచెవి బావ దగ్గర ఉంచి, చూస్తూ ఉండమన్నారు. ఆయన చూస్తూ ఉండటమే కాదు, షెడ్డు వెనక ఖాళీ జాగాలో రోషా గడ్డి దుబ్బులు నాటాడు, చావు నీళ్ళకి సరిపడా. వీధిలో ఎవరు పోయినా పిల్లకాగు వెలిగేది. లోపలికెళ్ళి చూస్తే గబ్బిలాలు, విరిగిన రేకులు, పెద్ద కాగుల మీద పచ్చటి చిలుము. ఆ మూల ఒక్కటే శుభ్రంగా, మసిగా ఉండేది.

తర్వాత బావకి ఆయాసం మొదలైంది. మా ఇంటి దగ్గర క్లినిక్‌కి తీసుకెళ్ళాను. డాక్టరు ఎక్స్‌రే లైటుకి పెట్టి చూసి, నా వైపు తిరిగి ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడాడు. బయటికొచ్చాక బావ అడిగాడు.

"ఏటన్నాడు?"

"మందులు వాడాలన్నాడు బావా."

"మందులు వాడమని సెప్పడానికే అంతసేపు ఇంగ్లీసా?"

ఆయన మెట్ల మీద కూర్చుని ఊపిరి తీసుకున్నాడు. ఎదురుగా కొబ్బరిబోండాల బండి వైపు చూస్తూ, మామూలు గొంతుతోనే అన్నాడు.

"సావంటే బయం లేదురా బామ్మర్దీ. అందరికీ నాను నీలు కాసినాను. నాకు ఎవులు కాత్తారు? షెడ్డు లారీలోలకి అమ్మేత్తారంట. కాగు తుక్కులోకి పోద్ది. నాను కుళాయి నీలతో పోవాలేటి?"

ఆయన కోరిక అదొక్కటే. అంతకుముందూ తర్వాతా ఆయన నన్ను ఏమీ అడగలేదు.

యజమాని పిల్లలు ఆ జాగాని లారీలు నిలిపే యార్డుకి ఇస్తున్నారన్న మాట నిజమే. సరిగ్గా అప్పుడే, నగరంలో పాత కట్టడాల మీద ప్రేమ ఉన్న కొందరు కమిటీగా ఏర్పడి వచ్చారు. వాళ్ళలో ఒక అమ్మాయి ఉంది, భవనాల డిజైన్లు గీసే చదువు చదివింది. ఎండలో నిచ్చెనెక్కి పొగగొట్టం ఇటుకలు కొలిచేది. గబ్బిలాల రెట్ట మధ్య మోకాళ్ళ మీద కూర్చుని కాగుల బొమ్మలు గీసేది. మధ్యాహ్నం అక్క పెట్టిన చేపల పులుసు కళ్ళనీళ్ళు కారుతున్నా వదలకుండా తినేది. బావకి ఆమె నచ్చింది. "పాపా" అనేవాడు. ఈ పాప వల్ల షెడ్డు నిలబడుతుందని వీధంతా చెప్పాడు. నిలబడింది కూడా. ఆ అమ్మాయి తిరగని ఆఫీసు లేదు. యార్డు మాట ఆగిపోయింది.

తాళంచెవి అప్పగించే రోజున షెడ్డులోనే ప్లాస్టిక్ కుర్చీలు వేసి మీటింగు పెట్టారు. కమిటీ అధ్యక్షుడు పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. మర్యాదస్తుడు. సజీవ వారసత్వం గురించి బాగా మాట్లాడాడు. చివర్లో బావని మాట్లాడమన్నారు. ఆయన లేచి, కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"బాబూ, ఒక్కటే అడుగుతాను. పిల్లకాగు మా వీదికి ఉండాల. సావొత్తే నీలు కాసుకోవాల. మా కుర్రోళ్ళకి నాను నేర్పుతాను. మిగతాదంతా మీ ఇట్టం."

"అదేమిటండీ, అసలు వారసత్వం అంటే అదే కదా! ఆ కాగు ఎక్కడికీ పోదు. నాది పూచీ," అన్నాడు అధ్యక్షుడు.

అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన మాట తప్పలేదు. కాగు ఎక్కడికీ పోలేదు.

మరమ్మతులు నడుస్తుండగా చేపల ముసలామె పోయింది. బుట్ట దింపి, అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళడిగి, తాగకుండానే ఒరిగిపోయింది. బావ అప్పటికి వీధి చివరిదాకా నడవలేకపోతున్నాడు. అయినా కుర్రాళ్ళ భుజాలు పట్టుకుని షెడ్డుకి వెళ్ళాడు. అక్క పిండి రుబ్బుకుని వెనకే వెళ్ళింది. కుర్రాళ్ళు గడ్డి కోశారు. ఆయన బెంచీ మీద కూర్చుని చెబుతుంటే వాళ్ళు చేశారు. తిడుతూనే చెప్పాడు.

"ఒరే, గడ్డి అలగ తొక్కకు. ఆవిరికి దారేదిరా? నీ పెళ్ళిపందిరి కాదది... సాలు, సాలు. కట్టె లాగు. మంట తగ్గించు. ముసల్దానికి తొందరేటీ లేదు ఇప్పుడు."

ఆ అమ్మాయి అక్కడే ఉంది. ఫోనులో మొత్తం వీడియో తీసింది. గొట్టం చివర మొదటి చుక్కలు పడుతుంటే ఆమె కళ్ళు తడిశాయి. బిందె నిండాక కుర్రాళ్ళు దాన్ని తలకెత్తుకుని వీధిలోంచి వెళ్ళారు. బావ వెళ్ళలేదు. బెంచీ మీదే కూర్చుని, పొయ్యిలో నిప్పు తనంతట తాను ఆరేదాకా చూశాడు. నేను పక్కనే ఉన్నాను.

"ముసల్ది గెలిచింది," అన్నాడు.

పిల్లకాగు వెలగడం అదే ఆఖరు. అప్పుడు మాకు తెలియదు.

ఆ వీడియో ఇప్పుడు షెడ్డులో పెద్ద టీవీ మీద తిరుగుతుంటుంది. మాటలు తీసేసి వీణ పెట్టారు. బావ నోరు కదులుతుంది, తిట్లు వినబడవు. చూసేవాళ్ళకి ఆయనేదో మంత్రం చదువుతున్నట్టు ఉంటుంది.

ప్రారంభోత్సవం దగ్గర పడ్డాక కమిటీ వాళ్ళు కబురు చేశారు. నిప్పు కుదరదన్నారు. జనం వచ్చిపోయే చోటు, పై కప్పుకి పాత దూలాలు, గోడకి అవతల చమురు ట్యాంకులు. నిప్పు పెట్టే చోటికి అనుమతి రాదు. ఇది అబద్ధం కాదు. ఏ పేపరు తిరగేసినా ప్రమాదాలే కనబడే ఊరు ఇది. ఇన్నాళ్ళూ మరి ఎలా వెలిగించారంటే, ఆ షెడ్డు ఎవరి లెక్కలోనూ లేదు కనుక వెలిగించారు. కాపాడిన రోజు నుంచి అది లెక్కలోకి వచ్చింది.

"ఇప్పటికి ఇంతే అంకుల్. తర్వాత మెల్లగా పిల్లకాగు ఒక్కదానికి ప్రత్యేకంగా అడుగుదాం," అంది ఆ అమ్మాయి. ఆమె నిజంగానే అడుగుదామనుకుంది. బావ నమ్మాడు. ఎవరైనా పోతే కాగుని తాత్కాలికంగా బయటికి తెచ్చి తన ఇంటి పెరట్లో పొయ్యి తవ్వుకుందామని కుర్రాళ్ళతో చెప్పాడు కూడా. కాగుంటే చాలు, పొయ్యి ఎక్కడైనా పెట్టుకోవచ్చు.

అదే నెలలో పిల్లకాగుని చిన్న మరమ్మతని ఆటోనగర్ తీసుకెళ్ళారు. తిరిగొచ్చిందని తెలిసి, బావ చూస్తానంటే ఆటోలో తీసుకెళ్ళాను.

దాన్ని అద్దంలా మెరిసేలా రుద్దారు. ఎత్తు దిమ్మ మీద నిలబెట్టారు. పొట్ట దగ్గర రాగిని గుండ్రంగా కోసి, గాజు బిగించారు. లోపల చిన్న లైటు. గాజులోంచి చూస్తే కాగు లోపలి భాగం, అందులో ఎండుగడ్డి కట్ట కనబడుతున్నాయి.

ఆ అమ్మాయి ఉత్సాహంగా ఎదురొచ్చింది. "అంకుల్, లోపల ఎలా ఉంటుందో రేపు వచ్చే స్కూలు పిల్లలకి తెలియాలి కదా. అందుకని ఇలా చేయించాం. ఎంత నీట్‌గా చేశారో చూడండి."

బావ తాడు దాటి వెళ్ళి కోసిన అంచు మీద వేలు పెట్టి, గుండ్రంగా ఒకసారి తిప్పాడు. మూత చుట్టూ పిండి నొక్కేటప్పుడు కూడా అలాగే తిప్పేవాడు.

"ఆపరేసను బాగా సేసినారు పాపా. కుట్లు కూడా కనబడ్డం లేదు."

ఆమె నవ్వింది. ఆయన నవ్వకపోవడం చూసి ఆగిపోయింది.

"మళ్ళీ అతికించేయొచ్చా అంకుల్?"

"అతికించొచ్చు. అగుపడ్డానికి బాగుంటది. ఆవిరి ఆగదు."

ఆమె మొహం పాలిపోయింది. నాకు ఆమెని ఏదో ఒకటి అనాలనిపించింది. బావ నా మోచెయ్యి పట్టుకుని బయటికి నడిపించాడు. మళ్ళీ ఆటో ఎక్కాం. రిఫైనరీ గోడ దాటాక అన్నాడు.

"ఆ పిల్ల మీద కోప్పడకు. దానికి అమ్మా నాన్నా ఇద్దరూ ఉన్నారు. ఇంకా ఎవులికీ నీలు పొయ్యలేదు."

షెడ్డు వెనక గడ్డి దుబ్బులు పీకేసి రాళ్ళు పరిచారు. గులాబీ నూనె కంపెనీలో గులాబీలు లేకపోతే ఎలాగని కుండీల్లో గులాబీ మొక్కలు పెట్టారు. ఉప్పుగాలికీ మసికీ అవి బతకవు. చచ్చినవి తీసి కొత్తవి పెడుతుంటారు.

గుమ్మం దగ్గర బోర్డుకి తెలుగులో నాలుగు మాటలు రాసిమ్మని నన్ను అడిగారు, లైబ్రరీలో పనిచేశాను కదా అని. నేను ఇలా రాశాను: ఇక్కడ గడ్డి కాచి నూనె తీసేవారు. నూనె ఓడల మీద పోయేది. మిగిలిన నీళ్ళతో ఈ వీధివాళ్ళు తమవాళ్ళకి ఆఖరి స్నానం చేయించేవారు. అధ్యక్షుడు చదివి చాలా బాగుందన్నాడు. తర్వాత ఫోను చేసి, పిల్లలు వచ్చే చోటు కదా, చావు మాట వద్దనుకుంటున్నామని నెమ్మదిగా చెప్పాడు. ఇప్పుడు బోర్డు మీద పరిమళాల ప్రస్థానమనీ, తరతరాల సుగంధ సంస్కృతి అనీ ఉంది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. నిజం కూడా ఒక్కటీ లేదు.

బావ వానలు వెనకపట్టాక పోయాడు. పొద్దున టీ తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. అక్క గ్లాసు తీయడానికి వచ్చేసరికి లేడు.

నాకు ఫోను వచ్చి, నేను చేరేసరికి వాకిట్లో జనం ఉన్నారు. అక్క వంటింట్లో ఉంది. పిండి రుబ్బుతోంది. ఎప్పటిలాగే పప్పు నాని ఉంది. కబురు తెలిస్తే ముందు పిండి రుబ్బడం ఆమె చేతికి అలవాటు. కబురు తన ఇంట్లోదే అయినా చెయ్యి ఆగలేదు. నన్ను చూసి గ్రైండరు ఆపింది. గిన్నెలో ముద్ద తెల్లగా, గట్టిగా ఉంది.

"నీలెలగరా తమ్ముడా?" అంది.

నేను షెడ్డుకి వెళ్ళాను. వెళ్ళి ఏం చేద్దామనుకున్నానో నాకే తెలియదు. కాపలా మనిషి పాపం ఇంకా తెరిచే వేళ కాలేదన్నాడు. లోపల టీవీ పెట్టి సరిచూసుకుంటున్నాడు. తలుపు సందులోంచి బావ కనిపించాడు, బెంచీ మీద కూర్చుని చెయ్యి ఊపుతూ. నేను తిరిగొచ్చేశాను.

కాసేపటికి ఆ అమ్మాయి వచ్చింది. చెప్పులు గుమ్మం బయటే వదిలి, ఏడుస్తూ, అట్టపెట్టె ఒకటి అక్క ముందు పెట్టింది. కమిటీ వాళ్ళు షెడ్డులో అమ్మడానికి తయారుచేయించిన గులాబీ నీళ్ళ సీసాలు. మీద కాగు బొమ్మ ఉంది. అవి ఎక్కడో కంపెనీలో మందు కలిపి నింపించినవి. ఆ సంగతి ఆమెకీ తెలుసు. తేవడానికి ఆమె దగ్గర అంతకన్నా ఏమీ లేదు.

అక్క ఒక సీసా మూత తీసి వాసన చూసింది. మూత పెట్టేసింది. ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని, "కూకో అమ్మా," అంది. నా వైపు తిరిగి, "ఇయ్యి అట్టుకెళ్ళి బాత్రూంలో ఎట్టు," అంది.

కుళాయి పట్టాం. మల్కాపురం కుళాయిలో మొదట కొంచెం తుప్పు రంగు వస్తుంది. అది పోయేదాకా వదిలి, గ్యాసు మీద కాచి, మామూలు సబ్బుతో బావకి స్నానం చేయించాం. మొదటి చెంబు అక్క పోసింది. ఆయన గోళ్ళ చివర్లు జీవితమంతా రాగి చిలుముతో ఆకుపచ్చగా ఉండేవి. అవి అలాగే ఉన్నాయి.

శ్మశానం నుంచి మేం తిరిగొచ్చేసరికి మేనకోడలు ఇల్లు కడుగుతోంది. పిండి గిన్నె గట్టు మీదే ఉంది. ఎండకి పొంగి అంచు దాటుతోంది.

"అమ్మా, ఈ పిండి ఏటి సెయ్యను?"

"ఏటి సెయ్యాలో నాకూ తెల్దే," అంది అక్క.

సీసాలు చాలా రోజులు బాత్రూంలోనే ఉన్నాయి. ఫినాయిలు అయిపోయినప్పుడు వాడేవాళ్ళం.

ఈ మధ్యన ఒక ఆదివారం నేను అక్కడే ఉన్నాను. పక్క సందులో రిఫైనరీలో చేసి రిటైరైన పెద్దాయన ఒకరు పోయారు. ఆయన కోడలు పరుగున వచ్చింది. ఈ వీధికి కొత్తే, పెళ్ళయి వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. చేతిలో కాగు బొమ్మ ఉన్న సీసా ఉంది. అక్క కుళాయి దగ్గర గిన్నెలు తోముతోంది.

"పిన్నీ, మా మావయ్య తనకి కంపెనీ నీలే పొయ్యాలని ఎప్పుడూ సెప్పీవోడు. మా ఆయన మ్యూజియం కాడ కొన్నాడు. ఇయ్యే గదా? నిన్నడిగి రమ్మన్నాడు."

అక్క చెయ్యి చీరకి తుడుచుకుని సీసా అందుకుంది. మూత తీసింది. వాసన చూసింది. వెనకటికి బావ కాచిన నీళ్ళని బిందె ఎత్తే ముందు అలాగే చూసేది. మూత పెట్టి ఇచ్చేసింది.

"ఇయ్యేనమ్మా. పొయ్యండి."

ఆ కోడలు పిల్ల అంతే పరుగున వెళ్ళిపోయింది. నేను అక్క వైపు చూశాను.

"ఏటలగ సూత్తావు?" అంది. "సావింట్లో నిలబెట్టి ఇయ్యి కావని సెప్పమంటావేటి?"

మళ్ళీ గిన్నెల దగ్గర కూర్చుంది. లోపల గట్టు మీద పప్పు నానుతోంది. ఆ అలవాటు ఆమె మానలేదు. వీధిలో చావులూ ఆగలేదు. ఆ ఇంట్లో ఇప్పుడు ఇడ్లీ మాత్రం ఏ రోజూ తప్పడం లేదు.